ఎత్తు మళ్లలో టమాటా పెంపకం

ఎత్తు మళ్లలో టమాటా పెంపకం అనగా నేలమట్టానికి పైన ఇటుకలతోగాని, చెక్కలతోగాని, రాతి బద్దలతోగాని గట్లు కట్టి, వాటి నడుమ మంచి మట్టిని నింపి, అందులో టమాటా మొక్కలను పెంచు పద్ధతి. నారు పోయుటకు రైతులు ఎత్తైన నారుమళ్లను కట్టుట తెలుగునాట పాత అలవాటే. కాయకోత ముగియువరకు మొక్కను ఎత్తు మడిలోనే ఉంచుట మాత్రం పట్టణాలలో ఇంటి తోటలతో పాటు వ్యాప్తిలోకి వచ్చినది. హైదరాబాదుకు పశ్చిమాన గల తెల్లాపూర్ వంటి ప్రాంతాలకు ఈ పద్ధతి మిక్కిలి అనుకూలమైనది.

ఈ పెంపకంలో ముందుగా తేల్చుకొనవలసిన విషయాలు మూడు: ఏ ఋతువులో నాటవలెను, ఏ రకం నాటవలెను, ఎంత దూరంలో నాటవలెను. వీటిని ఈ వరుసలోనే నిర్ణయించుకొనుట మంచిది. ఋతువును బట్టి రకం, రకాన్ని బట్టి దూరం ఏర్పడును. ఈ క్రమాన్ని తలక్రిందులు చేసి, మడిలో పట్టినన్ని మొక్కలను ముందు నాటి, తరువాత వాటిని కాపాడుకొనజూచుట ఇంటి తోటలలో తరచుగా కనిపించు పొరపాటు.

మొక్క పుట్టుక, స్వభావం

టమాటా వంగ కుటుంబానికి చెందిన మొక్క. శాస్త్రీయ నామం సోలానమ్ లైకోపెర్సికమ్. వంగ, మిరప, బంగాళాదుంప, పొగాకు కూడా ఈ కుటుంబంలోనివే. టమాటాను తెలుగులో రామములగ అని కూడా అందురు. దీని అడవి జాతుల పుట్టిల్లు దక్షిణ అమెరికా ఖండపు పడమటి భాగంలోని ఆండీస్ పర్వత ప్రాంతం. మెక్సికో ప్రాంతంలో ఇది సాగుమొక్కగా స్థిరపడినది. అక్కడి నహువాతల్ భాషలోని 'తొమాతల్' అను పదం నుండి టమాటా అను పేరు వచ్చినది. మెక్సికోలోని లోతులేని సరస్సులలో బురదను, కుళ్లిన ఆకులను పొరలుగా పేర్చి, నీటికి పైన ఎత్తు మళ్లను కట్టి కూరగాయలు పండించుట అజ్టెక్ ప్రజలకు తెలిసిన విద్యయే. వీటిని చినాంపాలు అందురు. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశీయుల ద్వారా టమాటా ఐరోపాకు చేరినది. భారతదేశానికి దీనిని తెచ్చినవారు పోర్చుగీసువారు.

పుట్టిన చోటి లక్షణాలు మొక్కలో నేటికీ కలవు. టమాటాకు పగటి ఎండ కావలెను, రాత్రి చల్లదనం కావలెను. వేరు తేమను కోరునుగాని నిలువ నీటిని ఓర్చుకొనలేదు. ఎత్తు మడి వలన ముఖ్య ప్రయోజనం ఈ నీరు నిలువకుండుటయే.

తెల్లాపూర్ నేల, వాతావరణం

తెల్లాపూర్ సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలానికి చెందిన ప్రాంతం. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడుటకు పూర్వం ఇది మెదక్ జిల్లాలో ఉండెను. 2018లో ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడినది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వైపు సాఫ్ట్‌వేర్ సంస్థలు పెరిగిన కొలది నల్లగండ్ల, తెల్లాపూర్, కొల్లూరు గ్రామాల వ్యవసాయ భూములు ఇండ్ల స్థలాలుగా, బహుళ అంతస్తుల భవనాలుగా మారినవి.

ఈ మార్పు ప్రభావం తోటపై కూడా కలదు. ఇల్లు కట్టిన స్థలంలో పైపొర మట్టి సాధారణంగా మిగులదు. పునాది త్రవ్విన మొరం, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు కలిసిన పొర మాత్రమే ఉండును. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో క్షారగుణం పెరుగును. అట్టి మట్టిలో ఇనుము, జింకు ఉన్నను మొక్కకు అందవు, లేత ఆకులు పసుపు రంగుకు తిరుగును. హైదరాబాదు పరిసరాలలో గ్రానైటు రాయి అనేక చోట్ల పైననే తగులును. ఎర్ర చల్కా నేలలతో పాటు అక్కడక్కడ నల్లరేగడి కూడా కలదు. తెల్లాపూర్‌కు సమీపంలోని పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రంలో ఎర్రనేల, నల్లనేల రెండును ఉన్నవి. ఎర్రనేలలో నీరు త్వరగా ఇంకిపోవును, రేగడిలో ఎక్కువకాలం నిలుచును. ఎత్తు మడి కట్టినచో ఈ రెండు చిక్కులను దాటి, కావలసిన మట్టిని మనమే తయారు చేసుకొనవచ్చును.

ఈ ప్రాంతం సుమారు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నది. నైరుతి ఋతుపవనాలు జూన్ నెలలో ప్రవేశించును. వానలో అధికభాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్య కురియును. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలకు దిగును. ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటుట సామాన్యం.

మడి కొలతలు

మడి వెడల్పును నిర్ణయించునది మొక్క కాదు, మనిషి చేయి. మడిలోనికి అడుగు పెట్టకుండ మధ్యవరకు చేయి అందవలెను. మడిలో నడిచినచో మట్టి గట్టిపడి వేరుకు గాలి అందదు. రెండు వైపుల నుండి అందుకొను మడికి 4 అడుగుల వెడల్పు, గోడ ప్రక్కన కట్టు మడికి 2 అడుగుల వెడల్పు సరిపోవును. పొడవు స్థలాన్ని బట్టి ఎంతైనను ఉండవచ్చును. ఈ వ్యాసంలోని లెక్కలన్నింటికి 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గల మడిని ఆధారంగా తీసుకొనడమైనది. మెట్రిక్ కొలతలో ఇది సుమారు 1.2 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవు, 2.88 చదరపు మీటర్ల వైశాల్యం. మడికి మడికి నడుమ ఒకటిన్నర నుండి రెండు అడుగుల దారి వదలవలెను.

నేలపై కట్టు మడికి 30 సెంటీమీటర్ల లోతు కనీసం ఉండవలెను, 45 సెంటీమీటర్లు ఉన్నచో మేలు. అడుగున సిమెంటు చేయరాదు. పాత నేలను గడ్డపారతో వదులుచేసి, దానిపై మట్టి పోయవలెను. 30 సెంటీమీటర్ల లోతున పై మడికి సుమారు 0.86 ఘనపు మీటర్ల మట్టి పట్టును. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగుగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, వానపాముల ఎరువుగాని కొబ్బరిపొట్టుగాని ఒక పాలు కలుపుకొనవచ్చును. కొబ్బరిపొట్టులో లవణాలు ఉండును కనుక ముందుగా రెండు మూడు సార్లు నీటితో కడుగవలెను. పచ్చి ఎరువు వేసినచో వేరు దెబ్బతినును, చెదలు కూడా చేరును.

మిద్దెపై మడి - బరువు లెక్క

మిద్దె తోటలపై ఆసక్తి తెలుగునాట పెరిగినది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన రచనల ద్వారా, సొంత తోట ద్వారా ఈ పద్ధతికి మంచి ప్రచారం కల్పించెను. అయితే మిద్దెపై మడి కట్టుటకు ముందు ఒక లెక్క తప్పక చూడవలెను.

తడిసిన మట్టి ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోల బరువు ఉండును. 30 సెంటీమీటర్ల మందాన పోసినచో చదరపు మీటరుకు 480 కిలోలు. మనుష్యులు ఎక్కి తిరుగు చదునైన పైకప్పుపై అదనపు బరువుగా భారతీయ ప్రమాణాలు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలను మాత్రమే లెక్కలోనికి తీసుకొనును. అనగా ముందుగా అనుకొనని పైకప్పుపై పూర్తి మట్టి మడి మూడు రెట్లకు పైగా బరువు మోపును. వానాకాలంలో ఈ బరువు తగ్గదు. కావున మిద్దెపై మళ్లను ఇంజనీరు సలహాతో, దూలాలపైన, మోతగోడలపైన మాత్రమే కట్టవలెను. లేనిచో తేలిక మిశ్రమం నింపిన కుండీలను విడివిడిగా గోడల వెంట పెట్టుకొనుట క్షేమం.

ఋతువులు

తెలంగాణలో టమాటాను వానాకాలం, శీతాకాలం, వేసవి అను మూడు కాలాలలోను నాటుదురు. ఇంటి తోటకు ఈ మూడును సమానం కావు.

పూత నిలిచి కాయగా మారుటకు రాత్రి 15 నుండి 20 డిగ్రీల ఉష్ణోగ్రత అత్యంత అనుకూలం. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వేడిగా ఉన్నప్పుడు పుప్పొడి శక్తి క్షీణించి పూత రాలిపోవును. మొక్క పచ్చగా, ఏపుగా ఉన్నను కాయ పట్టదు. ఇట్టి సమయంలో ఎరువు ఎక్కువ వేసినచో ఆకు పెరుగునేగాని కాయ రాదు. అమెరికా, ఐరోపాల తోట పుస్తకాలు మంచు కురియు తేదీని బట్టి టమాటా నాటుటను నిర్ణయించును. హైదరాబాదులో హద్దు మంచు కాదు, వేసవి రాత్రుల వేడి. విదేశీ పుస్తకాలలోని నెలలను ఇక్కడ యథాతథంగా అనుసరించరాదు.

* శీతాకాలపు పంట: ఆగస్టు చివర నుండి సెప్టెంబరు వరకు విత్తి, అక్టోబరులో నాటవలెను. డిసెంబరు నుండి మార్చి వరకు కాపు వచ్చును. ఇంటి తోటకు ఇది అన్నింటికంటె నమ్మదగిన కాలం.
* వేసవి పంట: డిసెంబరులో విత్తి, జనవరిలో నాటవలెను. ఏప్రిల్ ఎండలకు ముందే పూత కాయగా మారవలెను. తెల్లదోమ ద్వారా వ్యాపించు ఆకుముడత వైరస్ ఈ కాలంలో ప్రధాన శత్రువు.
* వానాకాలపు పంట: జూన్‌లో విత్తి, జూలైలో నాటవలెను. నీరు నిలుచుట, ఆకుమాడు తెగులు, ఎండు తెగులు ఈ కాలపు సమస్యలు. ఎత్తు మడి ప్రయోజనం ఈ కాలంలోనే ఎక్కువగా తెలియును.

నారు 25 నుండి 30 రోజుల వయస్సులో, నాలుగైదు ఆకులతో ఉన్నప్పుడు నాటుట మంచిది. టమాటా విత్తనాలు గ్రాముకు సుమారు 300 ఉండును. ఒక కుటుంబానికి చిటికెడు విత్తనం చాలును.

రకాలు

వేలాది టమాటా రకాలు ఉన్నను, మడిలో దూరాన్ని నిర్ణయించు లక్షణం ఒక్కటే: కాండం పెరుగుదల ఆగునా, ఆగదా?

పొట్టి రకాలలో కొమ్మ చివర పూగుత్తి ఏర్పడి పెరుగుదల ఆగును. కాయలు కొద్ది వారాలలోనే దాదాపు ఒకేసారి పక్వానికి వచ్చును. ఈ లక్షణానికి మూలమైన జన్యుమార్పు 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో సహజంగా తలెత్తినది. యంత్రంతో ఒకేసారి కోయు టమాటా సాగుకు అదియే పునాది అయినది. తీగ రకాలు ఇందుకు భిన్నమైనవి. వాటి కాండం ఆగకుండ పెరుగును, క్రింది గుత్తులు పండుచుండగా పైన కొత్త పూత వచ్చుచుండును. ఈ రెండింటికి నడుమ మధ్యరకాలు కలవు.

వంటింటి అవసరం ఇక్కడ మంచి కొలబద్ద. రోజూ పప్పునకు, చారుకు నాలుగైదు కాయలు కావలసిన ఇంటికి తీగ రకం తగినది. ఎండలు ముదురుటకు ముందు ఒకేసారి నిలువ పచ్చడి పెట్టుకొనదలచిన ఇంటికి పొట్టి రకం తగినది. నవంబరు చివర నాటిన పొట్టి రకాలు ఫిబ్రవరి ప్రాంతంలో ఒకేసారి కోతకు వచ్చును.

ఈ ప్రాంతానికి పనికివచ్చు కొన్ని రకాలు:

* పూసా రూబీ: న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన పాత రకం. కాయ బల్లపరుపుగా, కొద్దిగా గాళ్లతో, పుల్లగా, రసంతో నిండి ఉండును. చారుకు, పప్పునకు బాగుండును. తీగగా పెరుగును, ఊత కావలెను.
* పూసా ఎర్లీ డ్వార్ఫ్: అదే సంస్థ రూపొందించిన పొట్టి రకం, త్వరగా కాపునకు వచ్చును.
* పూసా సదాబహార్: వేడి రాత్రులలోను, చలి రాత్రులలోను కాయ పట్టు శక్తి గల రకం. వేసవికి ప్రయత్నించదగినది.
* పి.కె.ఎం.1: తమిళనాడులోని పెరియకుళంలో, స్థానిక రకం నుండి రూపొందిన పొట్టి రకం. కాయ భుజాలు ఆకుపచ్చగా ఉండును.
* కో.3: మరుతం అని కూడా పేరు. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన గుబురైన పొట్టి రకం.
* అర్కా వికాస్: బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన మధ్యరకం. కాయ 80 నుండి 90 గ్రాములు ఉండును, నీటి ఎద్దడిని కొంతవరకు తట్టుకొనును.
* అర్కా ఆభా: బ్యాక్టీరియా ఎండు తెగులును తట్టుకొనును. తైవాన్‌లోని అంతర్జాతీయ కూరగాయల పరిశోధనా కేంద్రం పంపిన వంగడం నుండి ఎంపిక చేసినది. ఆ కేంద్రపు దక్షిణ ఆసియా శాఖ 2006 నుండి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణంలో పనిచేయుచున్నది.
* అర్కా రక్షక్, అర్కా సమ్రాట్: ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు అను మూడింటిని తట్టుకొను సంకర రకాలు. వానాకాలానికి, వేసవికి వీటికి ప్రాధాన్యం ఇవ్వవలెను.
* చెర్రీ టమాటా: గోలీకాయలంత చిన్న పండ్లను గుత్తులుగా కాయు రకాలు. ఎక్కువభాగం తీగలే. కాయ చిన్నదైనను మొక్క పెద్దదని గుర్తుంచుకొనవలెను.

సంకర రకాల పండ్ల నుండి తీసిన విత్తనం తల్లి మొక్క లక్షణాలను నిలుపుకొనదు. పూసా రూబీ, అర్కా వికాస్ వంటి సూటి రకాల విత్తనాన్ని దాచుకొనవచ్చును. బాగుగా పండిన కాయ గుజ్జును ఒకటి రెండు రోజులు పులియనిచ్చి, కడిగి, నీడలో ఆరబెట్టవలెను.

దూరం ఎందుకు?

మడి దిగుబడికి పైహద్దును నిర్ణయించునది మొక్కల సంఖ్య కాదు, మడిపై పడు ఎండ. ఆకులు మడిని పూర్తిగా కప్పిన తరువాత అదనంగా నాటిన ప్రతి మొక్క ప్రక్క మొక్క ఎండనే పంచుకొనును. పది మొక్కల చోట ఇరవై నాటినచో కాపు రెట్టింపు కాదు. కాయ పరిమాణం తగ్గును, క్రింది ఆకులు నీడకు పండిపోవును.

రెండవ కారణం గాలి. వాన వలన, మంచు వలన తడిసిన ఆకు ఎంత త్వరగా ఆరిన అంత మంచిది. ఆకుమాడు తెగులు కలిగించు శిలీంధ్రం మొలకెత్తుటకు ఆకుపై గంటల తరబడి తడి ఉండవలెను. మొక్కలు ఒత్తుగా ఉన్నచో ఆ తడి ఆరదు. మూడవ కారణం చేయి ఆడుటకు చోటు. కాయతొలుచు పురుగును, ఆకుతొలుచు ఈగ సొరంగాలను కనిపెట్టుటకు ఆకు అడుగుభాగం కనిపించవలెను. భారతదేశంలో 2014లో గుర్తించబడిన దక్షిణ అమెరికా ఆకుతొలుచు పురుగు తరువాత ఈ పరిశీలన మరింత అవసరమైనది.

పొలాలలో సాధారణంగా వరుసల మధ్య 60, మొక్కల మధ్య 45 సెంటీమీటర్ల దూరం పాటించుదురు. ఈ లెక్కన ఎకరానికి సుమారు 15,000 మొక్కలు పట్టును. వేసవిలో మొక్క తక్కువగా పెరుగును కనుక మరికొంత దగ్గరగా నాటుదురు. అమెరికాలో మెల్ బార్తొలోమ్యూ 1981లో ప్రచురించిన గ్రంథం ద్వారా మడిని ఒక అడుగు గళ్లుగా విభజించు పద్ధతి ప్రసిద్ధమైనది. అందులో తీగ టమాటాకు ఒక గడి మాత్రమే ఇచ్చుదురు. అది ఒకే కాండంగా కత్తిరించి, నిలువు పందిరికి కట్టిన మొక్కకు మాత్రమే వర్తించును. పక్క కొమ్మలను త్రుంచు ఓపిక లేనివారు, ముఖ్యంగా వానాకాలంలో, ఆ లెక్కను అనుసరించరాదు.

ఒక మడికి లెక్కలు

1.2 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల పొడవు గల మడిలో:

* పొట్టి, మధ్యరకాలు: అంచు నుండి 30 సెంటీమీటర్లు వదలి రెండు వరుసలు. వరుసల మధ్య 60, మొక్కల మధ్య 45. మొదటి మొక్క 30వ సెంటీమీటరు వద్ద, తరువాత 75, 120, 165, 210 వద్ద. వరుసకు 5, మొత్తం 10 మొక్కలు.
* గుబురైన మిక్కిలి పొట్టి రకాలు, వేసవిలో మాత్రమే: అంచు నుండి 15 సెంటీమీటర్లు వదలి మూడు వరుసలు. వరుసల మధ్య 45, మొక్కల మధ్య 45. వరుసకు 5, మొత్తం 15 మొక్కలు. నడిమి వరుసను అర్ధ దూరం జరిపి నాలుగింటితో సరిపుచ్చినచో మొక్కలు త్రికోణాలుగా అమరి గాలి బాగా ఆడును. అప్పుడు మొత్తం 14.
* ఊతకు కట్టి, రెండు కాండాలుగా కత్తిరించిన తీగ రకాలు: రెండు వరుసలు, మొక్కల మధ్య 60. వరుసకు 4, మొత్తం 8 మొక్కలు.
* కత్తిరించకుండ వదలిన తీగ రకాలు, చెర్రీ రకాలు: ఒకే వరుస, మొక్కల మధ్య 75. మొత్తం 3 మొక్కలు.

చివరి లెక్క చూచి మూడే మొక్కలా అని ఆశ్చర్యపడనవసరం లేదు. నెలన్నర గడచునప్పటికి ఆ మూడు మొక్కలే మడిని కప్పివేయును. అంతవరకు ఖాళీగా కనిపించు చోటులో కొత్తిమీర, మెంతి, పాలకూర చల్లుకొనవచ్చును. ఇవి టమాటా కొమ్మలు చాపుటకు ముందే కోతకు వచ్చును.

నాటునప్పుడే ఊతకర్రను పాతవలెను. తరువాత పాతినచో వేర్లు తెగును. పొట్టి రకాల పక్క కొమ్మలను త్రుంచరాదు, ఆ కొమ్మల చివరనే కాపు ఉండును. తీగ రకాలలో మాత్రమే ఆకు మొదట వచ్చు పక్క పిలకలను చిన్నవిగా ఉండగానే తీయవలెను.

ఎండ, నీడ

టమాటాకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావలెను. ఎత్తైన భవనాల మధ్య దీనిని ఊహించుట కష్టం, లెక్కించుట తేలిక. డిసెంబరు చివర ఈ అక్షాంశంపై మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉండును. అప్పుడు ఏ వస్తువు నీడయైనను ఉత్తరానికి దాని ఎత్తులో సుమారు 0.87 వంతు పడును. 30 మీటర్ల భవనం నీడ 26 మీటర్లు, 1.8 మీటర్ల పందిరి నీడ సుమారు 1.6 మీటర్లు. కావున శీతాకాలపు పంటకు తీగ రకాలను మడికి ఉత్తరపు కొసన, పొట్టి రకాలను దక్షిణపు కొసన నాటవలెను.

వేసవిలో స్థితి మారును. మే రెండవ వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను హైదరాబాదులో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిన ఉండి నిలువు వస్తువులకు నీడయే పడదు. మే నెలలో ఎండ పొందిన చోటు డిసెంబరులో పూర్తి నీడలో ఉండవచ్చును. శీతాకాలపు మడికి స్థలం చూచువారు డిసెంబరు నీడనే ప్రమాణంగా తీసుకొనవలెను. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నం తరువాత నీడవల కట్టుట కాయలకు ఎండదెబ్బ తగులకుండ కాపాడును.

తెగుళ్లు, పంట మార్పిడి

ఆకుముడత వైరస్ సోకిన మొక్కకు చికిత్స లేదు. నారు దశలోనే సన్నని నైలాను వల క్రింద పెంచి తెల్లదోమ సోకకుండ కాపాడవలెను. తెలంగాణలో తామరపురుగుల ద్వారా వ్యాపించు మొవ్వుకుళ్లు కూడా అట్టిదే. ఈ రెండింటిలో ఏది సోకినను మొక్కను వెంటనే పీకివేయుట మిగిలిన మడికి రక్ష.

బ్యాక్టీరియా ఎండు తెగులు మట్టిలో నిలిచియుండును. పచ్చగా ఉన్న మొక్క రెండు మూడు రోజులలో వడలిపోవుట దీని గుర్తు. తెగులు తట్టుకొను వంగ మొదలుపై టమాటాను అంటుకట్టు పద్ధతిని తైవాన్ కేంద్రం ప్రచారంలోనికి తెచ్చినది. అంటు మొక్కను నాటునప్పుడు అతుకు మట్టికి పైనే ఉండవలెను.

ఒకే మడిలో టమాటా తరువాత వంగగాని, మిరపగాని వేయరాదు. అవి ఒకే కుటుంబంలోనివి కనుక తెగుళ్లను, నులిపురుగులను నిలువ ఉంచును. మూడు మళ్లు ఉన్న ఇంటిలో ఒకదానిలో టమాటా, రెండవదానిలో చిక్కుడు, గోరుచిక్కుడు వంటి పప్పుజాతి కూరలు, మూడవదానిలో ఆకుకూరలు, ముల్లంగి వేసి ఏటేటా మార్చుకొనుట సులభమైన ఏర్పాటు. ఒకే మడి ఉన్నవారు టమాటాను ప్రతి ఋతువులో వేయక, శీతాకాలానికి పరిమితం చేయుట మంచిది.

కాయతొలుచు పురుగు తల్లి పురుగులు బంతిపూలపై గుడ్లు పెట్టుటకు ఇష్టపడును. పొలంలో 16 టమాటా వరుసలకు ఒక బంతి వరుస వేయవలెనని ఉద్యాన శాస్త్రజ్ఞుల సూచన. బంతి నారు 45 రోజులది, టమాటా నారు 25 రోజులది కావలెను, అప్పుడే రెండును ఒకే సమయానికి పూయును. మడికి రెండు కొసల ఒక్కొక్క బంతి మొక్క చాలును.

నీరు ఒకరోజు వరదగా, మరొకరోజు కరువుగా ఇచ్చినచో కాయ అడుగుభాగం నల్లబడి కుళ్లును. సున్నపు ధాతువు కాయ కొసకు అందకపోవుట దీనికి కారణం. కాయలు పగులుట కూడా ఇట్టి హెచ్చుతగ్గుల వలననే. మడిపై ఎండుటాకులు, వరిగడ్డి పరచుట, బిందు సేద్యపు గొట్టం అమర్చుట దీనికి నివారణ.

దిగుబడి

భారతదేశంలో టమాటా సగటు దిగుబడి హెక్టారుకు సుమారు 25 టన్నులు. అనగా చదరపు మీటరుకు రెండున్నర కిలోలు. ఈ లెక్కన పై మడి నుండి ఒక పంటకు సుమారు 7 కిలోలు ఆశించవచ్చును. ఊత కట్టి, మంచి సంకర రకాలు వేసి, శ్రద్ధగా చూచినవారికి ఇంతకు మించి వచ్చును.

2023 జూలైలో హైదరాబాదుతో సహా అనేక నగరాలలో కిలో టమాటా ధర 100 రూపాయలు దాటినది. మదనపల్లె మార్కెట్ ధరలు అప్పట్లో దేశమంతటా వార్తలైనవి. కొద్ది వారాలలోనే కొత్త పంట వచ్చి, సెప్టెంబరు నాటికి గిట్టుబాటు ధర లేక రైతులు కాయలను పారబోసిన సంఘటనలు జరిగినవి. ఒక ఇంటి మడి ఈ ఒడిదుడుకులను ఆపలేదు. వాన ముదిరిన జూలైలో ధర పెరిగినప్పుడు ఇంటి మడిలో కూడా కాపు తక్కువగానే ఉండును, ఏలయన వాతావరణం ఇద్దరికీ ఒక్కటే. అయితే శీతాకాలమంతా వంటింటికి కావలసిన కాయలలో ఎక్కువభాగాన్ని, ఏ మందు ఎప్పుడు చల్లినదీ తెలిసిన కాయలను, ఆ మడి ఇవ్వగలదు. విద్యార్థులకు క్షేత్రగణితం, సూర్యగమనం, వృక్షశాస్త్రం మూడింటిని ఒకేచోట చూపించు ప్రయోగశాలగా కూడా అది ఉపయోగపడును.

ఇవి కూడా చూడండి

* టమాటా
* వంగ
* బంతి
* తెల్లాపూర్
* పటాన్‌చెరు
* ఇక్రిశాట్
* బిందు సేద్యం